క్యామ్రీ ధరకు త్రిశూలం

కారు ముక్కు మీది త్రిశూలం చూసి మా అమ్మ వీడియో కాల్‌లోనే దణ్ణం పెట్టుకుంది. అది శివుడిది కాదమ్మా, ఇటలీలో బొలోన్యా అనే ఊళ్లో ఫౌంటెన్ మీద నిలబడ్డ నెప్ట్యూన్ చేతిలోది, కంపెనీ 1914లో ఆ ఊళ్లోనే పుట్టింది కాబట్టి దాన్నే గుర్తుగా పెట్టుకున్నారు అని వివరించబోయాను. "ఏ దేవుడైతేనేం, పట్టుకున్నది త్రిశూలమే కదా" అని తేల్చేసింది. నాన్న త్రిశూలం వైపు చూడనే లేదు. "ఎన్నో ఓనరువి?" అని అడిగారు. మూడో ఓనరునన్నాను. "రెండోవాడు ఎందుకు అమ్ముతున్నాడో కనుక్కున్నావా?"

కనుక్కున్నాను. అతనికి మూడో బిడ్డ పుట్టింది, కారులో సీట్లు నాలుగే. అమ్మకానికి ఇంతకంటే నమ్మదగిన కారణం నేనింతవరకు వినలేదు.

కారు 2008 నాటి మసెరాటి గ్రాన్ టురిస్మో. అమెరికాలో కొత్తగా అమ్మినప్పుడు దాని ధర లక్షా పది వేల డాలర్ల పైమాటే. 2022 వసంతంలో డాలస్ ఉత్తర శివార్లలో నేను దాన్ని 23,500 డాలర్లకు కొన్నాను. అప్పటి లెక్కలో దాదాపు 18 లక్షల రూపాయలు. అన్ని హంగులూ ఉన్న కొత్త టొయోటా క్యామ్రీ అంతకంటే ఎక్కువ. అప్పటికి ఆ మసెరాటి 61 వేల మైళ్లు తిరిగింది. ఈ మైళ్ల సంగతి గుర్తుంచుకోండి, నా వాదనంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కార్ల పిచ్చి ఉన్నవాళ్లందరికీ నోటికి వచ్చిన మాట ఒకటుంది: చవకగా దొరికిన ఖరీదైన కారు కంటే ఖరీదైన కారు లేదు. ఆఫీసులో అన్నారు, గుడి పార్కింగులో అన్నారు, కొరివితో తల గోక్కుంటున్నావని మా బావమరిది ఫోను చేసి మరీ అన్నాడు. ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం నిజం కాదని మూడేళ్లుగా బిల్లులు కడుతున్నవాడిగా చెప్పగలను.

ముందు నిజమైన సగం. కారు ధర పడిపోయింది గాని, కారు హోదా పడిపోలేదు. దాని బ్రేకు డిస్కుకి తన యజమాని 23 వేలకు కొన్నాడని తెలియదు. లక్షా పది వేల కారుకు ఏ విడిభాగం ఏ ధరకు తయారైందో ఇప్పటికీ అదే ధర, ఇంకా పెరిగి ఉంటే పెరిగి ఉంటుంది. ఏనుగును చవకగా కొనవచ్చు, మావటి జీతం చవక కాదు, మేత అసలే చవక కాదు. కాబట్టి నెలసరి వాయిదాల మీద ఇలాంటి కారు కొనేవాడు ఏనుగును అప్పు మీద కొని గడ్డి కోసం మళ్లీ అప్పుకు వెళ్లేవాడు. అతనికి నేను చెప్పేది ఒక్కటే, వద్దు.

ఇక నిజం కాని సగం. విలాసవంతమైన పాత కార్లన్నీ ఒకే గాటన కట్టదగినవి కావు. అదే డబ్బుకు, లేదా కొంచెం ఎక్కువకు, 2005 ప్రాంతపు బెంట్లీ కాంటినెంటల్ జీటీ దొరుకుతుంది. పన్నెండు సిలిండర్లు, రెండు టర్బోలు, గాలి సస్పెన్షన్. బానెట్ ఎత్తి చూస్తే వేలు దూరే సందు ఉండదు. మామూలు కార్లలో గంటలో అయ్యే కొన్ని పనులకు అందులో ఇంజనే కిందికి దించాలి. ఫెరారీ 456 మోజు పడితే, దాని టైమింగ్ బెల్టులు కొన్నేళ్లకొకసారి మార్చక తప్పదు, తిప్పినా తిప్పకపోయినా. నా గ్రాన్ టురిస్మోలో ఉన్నది 4.2 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను. ఫెరారీతో కలిసి తయారుచేసిన వంశం, ఫెరారీ సొంత ఊరు మారనెల్లోలోనే కట్టిన ఇంజను, కాని బెల్టు లేదు, చైను ఉంది. టర్బోలు లేవు. బానెట్ ఎత్తితే సిలిండర్ల మీది మూతలు కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. గేరు బాక్సు జర్మనీ జడ్ఎఫ్ వారి ఆరు గేర్ల ఆటోమేటిక్. ఇదే కుటుంబపు గేరు బాక్సు ఆ రోజుల్లో బీఎండబ్ల్యూల్లో, జాగ్వార్లలో, చివరికి ఆ బెంట్లీలో కూడా వాడారు. అంటే దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్ ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉంటాడు. దీన్ని అమ్మేటప్పుడు చాలా కంపెనీలు గేరు ఆయిలు జీవితకాలం పనిచేస్తుందన్నాయి. తయారుచేసిన జడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఎవరి జీవితకాలమో చెప్పకుండా వాడే మాటల్లో ఇదొకటి.

నిజానికి నేను మొదట కొనబోయింది ఇది కాదు. 2004 నాటి మసెరాటి కూపే, అడిగిన ధర 13 వేలే. అందులో గేరు బాక్సు పేరు కాంబియోకోర్సా: క్లచ్చు మామూలుదే, కాని దాన్ని తొక్కేది మన కాలు కాదు, హైడ్రాలిక్ పంపు. స్టీరింగు వెనక రెండు రెక్కలు, పట్టి లాగితే గేరు మారుతుంది. వినడానికి బాగుంది, ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర క్లచ్చు అరిగిపోవడానికి ఇంకా బాగుంది. అమ్మేవాడు క్లచ్చు మూడో వంతే అరిగిందన్నాడు. వాళ్ల ఇంటి ముందు నిలబడి నాన్నకు ఫోను చేశాను. ఆయన రంగు అడగలేదు, తిరిగిన మైళ్లు అడగలేదు.

"బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉందా?"

"గోరువెచ్చగా ఉంది నాన్నా."

"నువ్వు వెళ్లక ముందే స్టార్టు చేసి పెట్టాడన్న మాట. చల్లటి ఇంజను చూపించనివాడి దగ్గర సూది కూడా కొనకు."

నాన్నకు ఈ విద్య విజయవాడ ఆటోనగర్‌లో అబ్బింది. 1987లో ఆయన సెకండ్ హ్యాండ్ ప్రీమియర్ పద్మిని కొన్నారు. బొంబాయిలో తయారైనా ఆ కారు పుట్టుక ఫియట్ 1100, అందుకే మా ఇంట్లో దాన్ని ఎవరూ పద్మిని అనలేదు, ఫియట్ అనే అన్నారు. గేరు కర్ర స్టీరింగు పక్కన ఉండేది. ప్రతి రెండో ఆదివారం ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు కింద నేను స్టూలు మీద కూర్చుని బిస్కెట్లు తినేవాడిని, నాన్న మెకానిక్ పక్కన గొంతుకూర్చుని కార్బురేటర్ విప్పడం చూసేవారు. మసెరాటి 1993లో ఫియట్ చేతికి వచ్చింది కాబట్టి, కాస్త సాగదీస్తే, మా ఇంట్లో ఇది రెండో ఇటలీ కారు. అమ్మ ఈ వాదనను ఒప్పుకోలేదు.

సరే, ఆ కూపేని 350 డాలర్లు ఇచ్చి తనిఖీ చేయించాను. మెకానిక్ కంప్యూటర్ తగిలిస్తే క్లచ్చు 80 శాతం దాటి అరిగినట్టు తేలింది. 350 పోయింది, మూడు నాలుగు వేలు మిగిలాయి. కొనే ముందు మన ఖర్చుతో, మనం ఎంచుకున్న మెకానిక్‌తో, చల్లటి ఇంజను మీద తనిఖీ చేయించకుండా ఇలాంటి కారు కొనేవాడిని వారించడానికి నా దగ్గర మాటల్లేవు. తొలి ఏళ్ల గ్రాన్ టురిస్మోల్లో వాల్వుల సమయాన్ని మార్చే వేరియేటర్లు అరిగే జబ్బు ఉంది. రాత్రంతా నిలిపిన ఇంజనుకు పొద్దున సెల్ఫు కొట్టగానే, ఒకటి రెండు క్షణాలు డబ్బాలో గులకరాళ్లు కదిలించినట్టు చప్పుడు వస్తుంది. వేడెక్కితే ఆ చప్పుడు వినబడదు, బాగుచేయించడానికి మాత్రం వేలల్లో అవుతుంది. నాన్న సూత్రం పద్మినికి పుట్టినదే అయినా మారనెల్లో ఇంజనుకు అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది.

తర్వాత రెండు గ్రాన్ టురిస్మోలు చూశాను. ఒకటి 18 వేల మైళ్లు తిరిగింది, రెండోది 61 వేలు. తక్కువ తిరిగినదాని ధర తొమ్మిది వేలు ఎక్కువ. అది ఎయిర్ కండిషన్ ఉన్న గ్యారేజీలో, మెత్తటి గుడ్డ కప్పుకుని, బ్యాటరీకి చార్జరు తగిలించుకుని పడుకుని ఉంది. చూసినవాళ్లంతా అదే కొనమన్నారు. నేను కొనలేదు.

మనకు బంగారం లాకరులో పెట్టుకునే అలవాటు. కొత్త సోఫా మీది ప్లాస్టిక్ కవరు ఏడాదైనా తీయం. వాడని వస్తువు చెడిపోదని మన నమ్మకం. బంగారం విషయంలో అది నిజం, కారు బంగారం కాదు. అది రబ్బరు, నూనె, తోలు, తీగలు. నడవని ఇంజనులో సీళ్లు ఎండి గట్టిపడతాయి, తర్వాత ఎవరో పాపం కొని మూడు వందల మైళ్లు తిప్పేసరికి ఆయిలు కారుతుంది. ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది. బ్రేకు ద్రవం తేమ పీల్చుకుంటుంది. ఆ 18 వేల మైళ్ల కారు టైర్ల అంచున నాలుగంకెల ముద్ర చూశాను: 1411. అంటే 2011లో పద్నాలుగో వారం తయారీ. పైన గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, పక్కన మాత్రం ఎండిన చెరువు మట్టిలా సన్నని పగుళ్లు. సర్వీసు పుస్తకంలో ఐదేళ్లకు రెండు ఎంట్రీలు. ఎందుకని అడిగితే "నడపలేదు కదండీ" అన్నాడు అమ్మేవాడు, మన తెలుగాయనే.

61 వేల మైళ్ల కారుకు ఒక లావుపాటి ఫైలు ఉంది. ఏటా ఆయిలు మార్పించిన రసీదులు, మార్చిన వాటర్ పంపు, రెండుసార్లు టైర్లు. మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడ తిరిగిన కార్లకు అడుగున తుప్పు పడుతుంది. ఇది పుట్టినప్పటి నుంచి టెక్సస్‌లోనే ఉంది, అడుగు శుభ్రంగా ఉంది. టెక్సస్ ఎండ తన వంతు పన్ను తాను వసూలు చేసింది: డాష్‌బోర్డు మీట్లన్నీ చేతికి బంకలా అంటుకుంటున్నాయి, రేడియో సౌండు తగ్గించి వేళ్లు తుడుచుకోవాల్సి వచ్చేది. కాని బంక కళ్లకు కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది. గ్యారేజీలో దాచిన కారులోని జబ్బు అలా ముందుగా బయటపడదు.

గ్రాన్ టురిస్మో అన్న పేరుకు అర్థమే దూర ప్రయాణం. 1951లో ఇటలీ కంపెనీ లాన్చియా తన ఔరేలియా బీ20 కారుకి జీటీ అని పేరు పెట్టినప్పుడు చెప్పదలచుకున్నది ఇదే: రేసు కారంత చురుకుగా ఉండాలి, సామాను వేసుకుని దేశం దాటాలి, దిగినప్పుడు నడుము నొప్పి ఉండకూడదు. మసెరాటి ఈ కారును దాదాపు మూడు మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) మీద కట్టింది, కచ్చితంగా 2,942 మిల్లీమీటర్లు. బరువు 1,880 కిలోలు. వెనక సీట్లలో పెద్దవాళ్లు నిజంగానే కూర్చోగలరు. ఇది స్పోర్ట్స్ కారు కాదు. మా ఆఫీసులో ఒకరి ఎలక్ట్రిక్ కారు సిగ్నల్ దగ్గర దీన్ని నవ్వుతూ దాటిపోతుంది. దాటిపోనివ్వండి. రెండు గ్లాసుల మంచినీళ్ల కోసం కట్టిన చెరువు కాదిది.

కాని ఇలాంటి కార్లు కొన్న మనవాళ్లు వాటిని నడిపే దూరం చూస్తే జాలేస్తుంది. ఇంటి నుంచి గుడికి, గుడి నుంచి ఉగాది వేడుకకు, అక్కడ నలుగురూ ఫొటోలు తీసుకున్నాక మళ్లీ గుడ్డ కిందికి. తెచ్చిన రోజు ఫ్రిస్కో హనుమంతుడి గుడి ముందు నేనూ వాహన పూజ చేయించాను, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నలిపాను. వెనక టైర్లు ముందువాటికంటే వెడల్పు, అక్కడి నిమ్మకాయలు మరీ పచ్చడయ్యాయి. తేడా ఒక్కటే, ఆ మరుసటి శనివారం మేం టెక్సస్ పడమటి కొండల్లోని ఫోర్ట్ డేవిస్ అనే ఊరికి వెళ్లాం.

ఆ దారి గురించి చెప్పకుండా ఉండలేను. డాలస్ నుంచి ఇంటర్‌స్టేట్ 20 మీద పడమరకు వెళ్తే అబిలీన్ దాటాక చెట్లు పొట్టివవుతాయి, మిడ్‌లాండ్, ఒడెస్సా దగ్గర అవి కూడా మాయమై నేలంతా తలలూపుతూ చమురు తోడే పంపులే. ఇంకా పడమరకు వెళ్తే చట్టమే గంటకు 80 మైళ్లు వెళ్లనిస్తుంది. ఆ వేగంలో ఈ ఇంజను మాట్లాడదు, గొణుగుతుంది. ట్యాంకులో 86 లీటర్లు పడుతుంది, అయినా ఒడెస్సాలో ఆగి నింపుకోవాలి, తర్వాత బంకులు పలచబడతాయి. పేకోస్ దగ్గర హైవే దిగి 17వ నంబరు రోడ్డు పట్టుకుంటే బాల్మొరియా దాటాక ఒక్కసారిగా కొండలు లేస్తాయి. నల్లటి రాతి స్తంభాల మధ్య రోడ్డు మెలికలు తిరుగుతుంది. అక్కడ రెండో గేరులోకి దించి కిటికీలు తెరిచాను. వెనక సీట్లో నిద్రపోతున్న మా అమ్మాయి లేచి "నాన్నా, ఇది పాడుతోంది" అంది. మా ఆవిడ ఏమీ అనలేదు గాని ఫోను పక్కన పెట్టింది, అది నాకు పెద్ద కితాబు. రాత్రి మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ కొండ మీద పాలపుంత చూశాం. డిక్కీ చిన్నది, 260 లీటర్లే, అందులో కొంత జాగా బ్యాటరీ ఆక్రమించింది. రైస్ కుక్కర్ పట్టలేదు, పులిహోర డబ్బా మా ఆవిడ కాళ్ల దగ్గర ప్రయాణించింది. పోల్ట్రోనా ఫ్రావు అనే ఇటలీ కంపెనీ తోలు తొడిగిన సీటు మీద పసుపు మరక ఒకటి ఇప్పటికీ ఉంది. దాన్ని తుడిపించను.

ఇక డబ్బు. మూడేళ్ల లెక్క నా దగ్గర కాగితం మీద ఉంది. గేరు బాక్సు ఆయిలు, దానితోపాటు ఫిల్టరు, సీళ్లు 1,100. ముందు సస్పెన్షన్ బుష్‌లు, కంట్రోల్ ఆర్మ్‌లు 2,300. టైర్లు 1,250. బ్యాటరీ 280. ఆ బంక మీట్లకు కొత్త పూత 450. ముందు బ్రేకు డిస్కులు, ప్యాడ్లు 1,450. ఇంజను మౌంటింగులు 1,300. మూడుసార్లు ఆయిలు మార్పు 1,050. మొత్తం 9,180 డాలర్లు. పెట్రోలు, బీమా, కొన్నప్పుడు కట్టిన 6.25 శాతం పన్ను వేరు. వీటిలో ఏదీ కంపెనీ తప్పు కాదు. పద్నాలుగేళ్ల రబ్బరు పద్నాలుగేళ్ల రబ్బరులా ప్రవర్తించింది, అంతే. ఈ మూడేళ్లలో 27 వేల మైళ్లు తిరిగాను, మైలుకు 34 సెంట్లు. ఇదే కాలంలో ఆఫీసు మిత్రుడొకరు కొత్తగా కొన్న కారు 30 వేల డాలర్ల విలువ కోల్పోయింది, దానికి ఒక్క బోల్టూ మార్చలేదు. ఆయన్ని ఎవరూ పిచ్చివాడనలేదు. విలువ తరుగుదలకు రసీదు ఇవ్వరు కాబట్టి అది ఖర్చని అనిపించదు.

నా లెక్కలో ఒక చిల్లు ఉంది, దాన్ని దాచను. ఇంజను లోపల పెద్దది ఏదైనా పోతే బాగుచేయడానికి కారు విలువను మించిన డబ్బు కావాలి. ఆ రోజు వస్తే ఈ వ్యాసమంతా అబద్ధమవుతుంది. అందుకే కొన్నరోజే ఎనిమిది వేలు వేరే ఖాతాలో పెట్టాను, తీసినప్పుడల్లా మళ్లీ నింపుతాను. అది నింపలేని నెల వస్తే కారు అమ్మేస్తాను.

ఇంకో మాట, ఇక్కడి మనవాళ్లకు మాత్రమే తెలిసిన బాధ. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నన్నాళ్లూ నేను ఈ కారు వైపు చూడలేదు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఆ 60 రోజుల్లో ఇల్లు అద్దెకివ్వడం, పిల్లల బడి కాగితాలు, విమానం టికెట్లే తెమలవు. పాత మసెరాటిని సరైన ధరకు కొనేవాడు దొరకడం కల్ల. ఇండియాకు తీసుకువెళ్లడమూ కుదరదు. పాత కారు దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. గ్రీన్‌కార్డు చేతికి వచ్చిన రెండో నెలలో కొన్నాను. ఆ కార్డు ఇచ్చిన మొదటి స్వేచ్ఛ ఇదీ అని చెబితే నవ్వుతారు గాని నిజం.

గత వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. మొదటి రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు కదా, తెల్లవారుజామున నాలుగింటికి గ్యారేజీలో లైటు వెలుగుతుంటే వెళ్లి చూశాను. నాన్న లుంగీ మీద, చేతిలో టీ కప్పుతో, బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు.

"చల్లగానే ఉంది. స్టార్టు చెయ్యి."

గ్యారేజీ తలుపు ఎత్తి సెల్ఫు కొట్టాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. గులకరాళ్ల చప్పుడు లేదు. ఇంజను ఒక్కసారి గొంతు పెంచి, సర్దుకుని, నెమ్మదించింది. టీ పూర్తిచేసి కప్పు షెల్ఫు మీద పెట్టారు. మా ఫియట్‌ను ఆయన ఒక్కనాడూ గుడ్డ కప్పి ఉంచలేదు. నలుగురిని ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కించారు, ఇంజను మరిగిపోతే దోర్నాలలో ఆపి నీళ్లు పోసి మళ్లీ ఎక్కించారు.

"ఆ కొండల ఊరు ఎన్ని గంటలన్నావు?"

"ఎనిమిది."

"అయితే మధ్యాహ్నం భోజనానికి చేరతాం. మీ అమ్మను లేపు."